వుర్ట్జ్ – ఫిట్టిగ్: మధ్యలో ఒక చిన్న గీత

ప్లస్ వన్ రసాయన శాస్త్రంలో హాలైడ్ల పాఠానికి వచ్చేసరికి మూడు చర్యలు వరసగా ఎదురవుతాయి. మొదటిది వుర్ట్జ్ చర్య, రెండోది ఫిట్టిగ్ చర్య, మూడోది వుర్ట్జ్–ఫిట్టిగ్ చర్య. మూడింటిలోనూ సోడియం లోహమే ఉంటుంది, మూడింటిలోనూ పొడి ఈథరే ఉంటుంది. పరీక్షకు చదివేవాళ్లం సమీకరణం రాసి, పేరు కింద గీత గీసి ముందుకు పోతాం. ఆ పేర్లు ఎవరివి, ఏ ఊరివి, ఏ కాలానివి అన్నది పుస్తకంలో ఉండదు. మూడో పేరులో ఇద్దరు మనుషుల మధ్య ఉన్న చిన్న గీత నన్ను ఆలోచనలో పడేసింది. ఒకాయన ఫ్రెంచివాడు, ఇంకొకాయన జర్మన్. వాళ్ల కాలంలోనే ఆ రెండు దేశాలూ పెద్ద యుద్ధం చేసుకున్నాయి. మరి ఈ గీత ఎలా నిలబడింది? తెలుసుకున్నంత వరకు ఇక్కడ రాస్తున్నాను.

చర్య ఏమిటి?

చిన్న తరగతుల తమ్ముళ్లు, చెల్లెళ్లు కూడా ఈ పత్రిక చదువుతారు కాబట్టి ముందు చర్య సంగతి చెప్తాను. కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉన్న పదార్థాలను హైడ్రోకార్బన్లు అంటాం. వంట గ్యాసులో ఉండే బ్యూటేన్ అలాంటిదే. హైడ్రోకార్బన్‌లో ఒక హైడ్రోజన్ స్థానంలో క్లోరిన్ గాని, బ్రోమిన్ గాని, అయోడిన్ గాని చేరితే అది హాలైడ్. సోడియం చాలా చురుకైన లోహం. దాని బయటి కక్ష్యలో ఒకే ఒక్క ఎలక్ట్రాన్ ఉంటుంది, దాన్ని ఎవరికైనా ఇచ్చేయడానికి సిద్ధంగా ఉంటుంది. హాలైడ్‌తో కలిస్తే సోడియం బ్రోమిన్‌ను తనవైపు లాగేసుకుని ఉప్పులాంటి సోడియం బ్రోమైడ్ అవుతుంది. బ్రోమిన్ పోయిన రెండు కార్బన్ ముక్కలు ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. సమీకరణం ఇలా ఉంటుంది:

2 ఇథైల్ బ్రోమైడ్ + 2 సోడియం → బ్యూటేన్ + 2 సోడియం బ్రోమైడ్

రెండేసి కార్బన్లున్న రెండు ముక్కలు కలిసి నాలుగు కార్బన్ల గొలుసు అయిందన్నమాట. ఇందులో ఈథర్ ఎందుకు పొడిగా ఉండాలంటే, సోడియానికి నీళ్లు తగిలితే హాలైడ్ జోలికి పోకుండా నీళ్లతోనే చర్య జరుపుతుంది. హైడ్రోజన్ వాయువు పుట్టి, ఆ వేడికి అంటుకుంటుంది కూడా. అందుకే ల్యాబుల్లో సోడియాన్ని కిరోసిన్‌లో ముంచి ఉంచుతారు. దయచేసి ఎవరూ దీన్ని ఇంట్లో గాని, సార్ లేకుండా ల్యాబులో గాని ప్రయత్నించొద్దు.

పాస్టరు గారి అబ్బాయి

చార్లెస్ అడాల్ఫ్ వుర్ట్జ్ 1817 నవంబరు 26న పుట్టాడు. ఊరి పేరు వోల్ఫిస్‌హైమ్. స్ట్రాస్‌బర్గ్ నగరం పక్కనే ఉన్న పల్లె. ఈ ప్రాంతాన్ని అల్సాస్ అంటారు. ఒకవైపు ఫ్రాన్సు, ఇంకోవైపు రైన్ నది, నది దాటితే జర్మన్ దేశం. అప్పట్లో అల్సాస్ ఫ్రాన్సులో భాగం. సర్కారు కాగితాలు ఫ్రెంచిలో, పల్లెల్లో ఇళ్లల్లో మాట మాత్రం జర్మన్‌కు దగ్గరి యాస. అందువల్ల అక్కడ చదువుకున్నవాళ్లకు రెండు భాషలూ వచ్చేవి.

తండ్రి లూథరన్ పాస్టరు. కొడుకు తన బాటలో నడవాలని ఆయనకు ఉండేది. వుర్ట్జ్‌కు రసాయన శాస్త్రం మీద మనసు. చివరికి మధ్యేమార్గంగా వైద్యం చదివాడు. 1843లో స్ట్రాస్‌బర్గ్‌లో వైద్య పట్టా తీసుకున్నాడు. దానికి ముందే జర్మనీలోని గీసెన్‌కు వెళ్లి, లీబిగ్ అనే మహా పండితుడి ప్రయోగశాలలో పని నేర్చుకున్నాడు. 1844లో పారిస్ చేరి డ్యూమా దగ్గర పనిచేశాడు. అంటే ఆయన చదువులోనే రెండు దేశాలూ ఉన్నాయి.

1855లో జరిగిన ప్రయోగం

పుస్తకం చదివితే, వుర్ట్జ్ ఆల్కేన్లు తయారు చేయడానికి కొత్త పద్ధతి కనిపెట్టాడు అనిపిస్తుంది. ఆయన అసలు వెతుకుతున్నది వేరు. అప్పట్లో రసాయన శాస్త్రజ్ఞుల మధ్య ఒక గొడవ నడుస్తోంది.

ఇంగ్లండుకు చెందిన ఫ్రాంక్లండ్ 1849లో ఇథైల్ అయోడైడ్‌ను జింకుతో వేడి చేసి ఒక వాయువును పట్టాడు. ఇథైల్ అయోడైడ్‌లోంచి అయోడిన్ పోతే మిగిలేది ఇథైల్ కదా, కాబట్టి నేను ఇథైల్ అనే ప్రాతిపదికను విడిగా పట్టుకున్నాను అని ప్రకటించాడు. అదే కాలంలో జర్మనీకి చెందిన కోల్బే, ఎసిటిక్ ఆమ్లపు లవణంలోకి విద్యుత్తు పంపి మిథైల్‌ను పట్టానన్నాడు. అయితే గెర్హార్ట్, లొరాన్ అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు దీనికి ఒప్పుకోలేదు. మీ సీసాలో ఉన్నది ఒంటరి ఇథైల్ కాదు, రెండు ఇథైళ్లు జతగా కలిసినది అని వాళ్ల వాదన. ఈ గెర్హార్ట్ కూడా స్ట్రాస్‌బర్గ్‌లో పుట్టినవాడే!

కంటికి కనిపించని వాయువులో ఉన్నది ఒంటరా, జంటా అని ఎలా తేల్చాలి? వుర్ట్జ్ వేసిన ఎత్తు చాలా బాగుంది. ఒకే హాలైడ్ తీసుకుంటే తేలదు కాబట్టి, రెండు వేర్వేరు హాలైడ్లు కలిపాడు. ఇథైల్ అయోడైడ్, బ్యూటైల్ అయోడైడ్ రెండింటినీ కలిపి సోడియంతో చర్య జరిపించాడు. ఈ బ్యూటైల్ ఆల్కహాలును కూడా, సారా కాచేటప్పుడు మిగిలే ఫ్యూజెల్ నూనెలోంచి ఆయనే కొన్నేళ్ల ముందు కనుక్కున్నాడు.

ఇప్పుడు ఆలోచించండి. ప్రాతిపదికలు ఒంటరిగానే ఉంటాయంటే, చివరికి దొరకాల్సింది ఇథైల్, బ్యూటైల్, ఈ రెండే. జతలుగా ఉంటాయంటే మూడో పదార్థం ఒకటి రావాలి, అది సగం ఇథైల్, సగం బ్యూటైల్. వుర్ట్జ్‌కు ఆ మూడోది దొరికింది. అది మరిగే ఉష్ణోగ్రత కూడా మిగతా రెండింటి మధ్యలో పడింది. ఇప్పటి పట్టికల్లో చూస్తే లెక్క ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఇథైల్–ఇథైల్ అంటే మన బ్యూటేన్, దాదాపు 0 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. ఆయన వాడిన రకం బ్యూటైల్ రెండు కలిస్తే వచ్చేది 109 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఒక ఇథైల్, ఒక బ్యూటైల్ కలిసినది 60 డిగ్రీల దగ్గర. ఆ మధ్య మెట్టు సరిగ్గా అమరాలంటే, మొదటి మెట్టు, చివరి మెట్టు కూడా జంటలే అయి ఉండాలి. ఫ్రాంక్లండ్ పట్టింది బ్యూటేన్, కోల్బే పట్టింది ఈథేన్ అని ఇప్పుడు మనకు తెలుసు.

ఇక్కడ నాకు నచ్చిన సంగతి ఒకటుంది. వేర్వేరు హాలైడ్లు కలిపితే మిశ్రమం వస్తుంది, విడదీయడం కష్టం, కాబట్టి ఇది వుర్ట్జ్ చర్యకున్న పరిమితి అని మనం పరీక్షలో రాస్తాం. మిథైల్ బ్రోమైడ్, ఇథైల్ బ్రోమైడ్ కలిపితే ఈథేన్, ప్రొపేన్, బ్యూటేన్ మూడూ వస్తాయి. మనం లోపమని రాసే ఆ మిశ్రమమే 1855లో వుర్ట్జ్‌కు సాక్ష్యం అయింది.

పరమాణువు ఉందా, లేదా?

దీని వెనక ఇంకా పెద్ద వివాదం ఉంది. పరమాణువులు నిజంగా ఉన్నాయా? ఇవాళ ఎనిమిదో తరగతి పిల్లవాడిని అడిగినా ఉన్నాయంటాడు. ఆ రోజుల్లో ఫ్రాన్సులో పేరున్న పండితులే ఒప్పుకోలేదు. బెర్తెలో, సెయింట్ క్లెయిర్ డెవిల్ లాంటివాళ్లు కంటికి కనపడని దాన్ని నమ్మడం శాస్త్రం కాదన్నారు. బరువుల నిష్పత్తులతో సరిపెట్టుకుందాం అన్నారు. విచిత్రం ఏమిటంటే, 1850ల్లో సోడియాన్ని ఎక్కువ మొత్తంలో, తక్కువ ఖర్చుతో తయారు చేసే దారి చూపించింది ఈ డెవిలే. అల్యూమినియం తీయడానికి ఆయనకు సోడియం కావలసి వచ్చింది.

వుర్ట్జ్ మాత్రం పరమాణువుల పక్షాన గట్టిగా నిలబడ్డాడు. 1860 సెప్టెంబరులో జర్మనీలోని కార్ల్స్‌రూహె నగరంలో రసాయన శాస్త్రజ్ఞుల మొదటి అంతర్జాతీయ సభ జరిగింది. దాన్ని ఏర్పాటు చేసినవాళ్లు ముగ్గురు: కెకులే, వెల్ట్‌సీన్, వుర్ట్జ్. వంద మందికి పైగా వచ్చారు. రష్యా నుంచి యువకుడైన మెండలీఫ్ కూడా వచ్చాడు. పరమాణు భారాల మీద కానిజారో అక్కడ చెప్పిన మాటలు తర్వాత ఆవర్తన పట్టికకు దారి తీశాయి. ఆ సభ వివరాలను రాసిపెట్టినవాడు వుర్ట్జే.

అయినా ఫ్రాన్సు బడుల్లోకి పరమాణువు వెంటనే రాలేదు. వుర్ట్జ్ 1884లో చనిపోయాడు. రెండేళ్ల తర్వాత బెర్తెలో ఫ్రాన్సు విద్యామంత్రి అయ్యాడు. పాఠ్యపుస్తకాల్లో పాత పద్ధతే చాలా కాలం సాగింది. తరగతి గదిలో ఏం చెప్పాలన్నది శాస్త్రం ఒక్కటే తేల్చదు, కుర్చీలో ఎవరున్నారన్నది కూడా తేలుస్తుంది అని దీన్నిబట్టి నాకు అర్థమైంది.

వుర్ట్జ్ గురించి మా తోటి ఆడపిల్లలకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. ఆయన 1866 నుంచి 1875 వరకు పారిస్ వైద్య కళాశాలకు డీన్‌గా ఉన్నాడు. అప్పటివరకు అక్కడ ఆడవాళ్లకు ప్రవేశం లేదు. మడ్లేన్ బ్రెస్ అనే ఆవిడ వైద్యం చదువుతానని వచ్చినప్పుడు వుర్ట్జ్ ఆవిడ పక్షాన నిలిచాడు. ఆవిడ 1875లో డాక్టరు పట్టా తీసుకుంది.

హాంబర్గ్ నుంచి ఇద్దరు

ఇక రెండో పేరు. రుడాల్ఫ్ ఫిట్టిగ్ 1835 డిసెంబరు 6న హాంబర్గ్‌లో పుట్టాడు. వుర్ట్జ్ కంటే 18 ఏళ్లు చిన్న. గ్యోటింగెన్‌లో చదివి అక్కడే పాఠాలు చెప్పాడు. వుర్ట్జ్ చర్యను ఆయన బెంజీన్ వైపు తిప్పాడు. 1862లో బ్రోమోబెంజీన్‌ను సోడియంతో చర్య జరిపిస్తే రెండు బెంజీన్ ముక్కలు కలిసి బైఫినైల్ వచ్చింది. దీన్నే ఫిట్టిగ్ చర్య అంటున్నాం.

1864లో ఫిట్టిగ్, టోలెన్స్ కలిసి ఒక ఎరైల్ హాలైడ్, ఒక ఆల్కైల్ హాలైడ్ రెండింటినీ సోడియంతో కలిపారు. బ్రోమోబెంజీన్, మిథైల్ అయోడైడ్ తీసుకుంటే టోలీన్ వచ్చింది. ఇదే వుర్ట్జ్–ఫిట్టిగ్ చర్య. టోలెన్స్ కూడా హాంబర్గ్‌వాడే. ఆల్డిహైడ్ పరీక్షలో గాజు గొట్టం లోపల వెండి అద్దం తెప్పించే టోలెన్స్ కారకం పేరు ఈయనదే.

ఇక్కడా మిశ్రమమే కదా వస్తుంది, ఈ చర్య మాత్రం ఎందుకు పనికొచ్చింది అని మీకు సందేహం రావచ్చు. ఈథేన్, టోలీన్, బైఫినైల్ మూడూ వస్తాయి, నిజమే. అయితే ఈథేన్ వాయువు కాబట్టి దానంతట అదే వెళ్లిపోతుంది. టోలీన్ 111 డిగ్రీల దగ్గర, బైఫినైల్ 255 డిగ్రీల దగ్గర మరుగుతాయి. అంత తేడా ఉంటే స్వేదనం చేసి సులువుగా విడదీయొచ్చు.

టోలీన్ అంతకుముందే తెలిసిన పదార్థం. ఫిట్టిగ్, టోలెన్స్ చేసిన పని వల్ల అది బెంజీన్‌కు మిథైల్ అతికించినదే అని చేతులతో చేసి చూపించినట్టయింది. మరుసటి ఏడే, 1865లో, కెకులే బెంజీన్ వలయ నిర్మాణం గురించి రాశాడు. జర్మన్ అయిన కెకులే ఆ వ్యాసాన్ని మొదట ఫ్రెంచిలో, పారిస్ రసాయన సంఘం పత్రికలో ప్రచురించాడు. అప్పటికి ఇంకా ఇచ్చిపుచ్చుకోవడాలు బాగానే ఉండేవి.

గీత ఊరి మీదుగా పోయింది

1860ల చివర్లో వుర్ట్జ్ తన రసాయన నిఘంటువు ముందుమాటలో రసాయన శాస్త్రం ఫ్రెంచి శాస్త్రం, దానికి పునాది వేసింది లెవోయిజర్ అనే అర్థం వచ్చేలా రాశాడు. జర్మనీలో కొందరికి, ముఖ్యంగా కోల్బేకు, దీని మీద చాలా కోపం వచ్చింది. గట్టిగా తిడుతూ రాశారు. ఇదే వుర్ట్జ్ ఆ రోజుల్లోనే జర్మనీ విశ్వవిద్యాలయాలు తిరిగి చూసి, వాళ్ల ప్రయోగశాలలు మనకంటే ఎంతో మేలు, మనమూ అలాంటివి కట్టాలి అని తన ప్రభుత్వానికి పెద్ద నివేదిక ఇచ్చాడు. అది 1870లో అచ్చయింది. ఒకే మనిషిలో సొంత దేశం మీద గర్వం, పక్క దేశం మీద గౌరవం రెండూ ఉండొచ్చు.

అదే 1870లో యుద్ధం వచ్చింది. స్ట్రాస్‌బర్గ్ మీద ఫిరంగి గుండ్లు పడ్డాయి. ఫ్రాన్సు ఓడిపోయింది. 1871 మే నెలలో ఫ్రాంక్‌ఫర్ట్ ఒప్పందంతో అల్సాస్ జర్మనీ చేతికి వెళ్లింది. ఫ్రెంచి పౌరులుగానే ఉండదలచుకున్నవాళ్లు 1872 అక్టోబరు 1 లోపల ఊరు వదిలి వెళ్లాలని గడువు పెట్టారు. వేలమంది వెళ్లిపోయారు. వుర్ట్జ్ పారిస్‌లోనే ఉన్నాడు కానీ ఆయన పుట్టిన పల్లె మాత్రం పరాయి దేశం అయిపోయింది.

జర్మన్ ప్రభుత్వం 1872లో స్ట్రాస్‌బర్గ్‌లో కొత్త విశ్వవిద్యాలయం పెట్టింది. రసాయన శాస్త్రానికి మొదట బేయర్ వచ్చాడు. ఆయన మ్యూనిక్ వెళ్లిపోయాక 1876లో ఆ స్థానంలోకి వచ్చినవాడు ఎవరనుకున్నారు? మన ఫిట్టిగ్! వుర్ట్జ్ చదువుకున్న నగరంలో ఫిట్టిగ్ ఆచార్యుడయ్యాడు. 1902లో పదవి విరమించాక కూడా అక్కడే ఉండి 1910లో అక్కడే కన్నుమూశాడు. చర్య పేరులో పక్కపక్కన నిలబడిన ఇద్దరిలో ఒకరికి స్ట్రాస్‌బర్గ్ పోగొట్టుకున్న ఇల్లు, ఇంకొకరికి దొరికిన ఇల్లు.

ఆ తర్వాత కూడా ఆ ఊరి మీద గీత ఆగలేదు. 1918లో మళ్లీ ఫ్రాన్సు, 1940లో మళ్లీ జర్మనీ, 1944 చివర్లో మళ్లీ ఫ్రాన్సు. 1871కి ముందు పుట్టి 80 ఏళ్లు బతికిన ఒక ముసలమ్మ అక్కడ ఉండి ఉంటే, ఇంట్లోంచి కదలకుండానే నాలుగుసార్లు దేశం మారి ఉంటుంది. బడి భాష కూడా మారి ఉంటుంది.

హోసూరు లాంటి చోట పెరుగుతున్న మాకు ఈ సంగతి కాస్త తొందరగా అర్థమవుతుంది. మా తాతల కాలం నుంచి మా ఊళ్లలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపిస్తాయి. 1956లో భాషల వారీగా రాష్ట్రాలు ఏర్పడ్డప్పుడు ఎవరూ ఇల్లు కదల్చలేదు. ఇంటి భాష ఒకటి, ఆఫీసు భాష ఒకటి అయింది. మాది యుద్ధం కాదు, మమ్మల్ని ఎవరూ తరమలేదు. అల్సాస్ వాళ్ల కష్టంతో దీన్ని పోల్చడం సరికాదు. కానీ ఊరు అక్కడే ఉండి చుట్టూ గీత మారడం అంటే ఏమిటో మాకు వేరే వివరించి చెప్పనక్కరలేదు. తెలుగులో రసాయన శాస్త్రం చదివి ఏం చేస్తావు అని అడిగేవాళ్లకు కూడా వుర్ట్జ్ ఒక జవాబు. ఇంట్లో ఒక భాష, బయట ఒక భాష ఉన్న ఊరి నుంచే ఆయన వచ్చాడు. రెండూ వచ్చు కాబట్టే రెండు దేశాల శాస్త్రాన్నీ చదివాడు.

బెంగళూరు దాకా వచ్చిన దారి

ఈ కథలో మనకు దగ్గరగా వచ్చే దారి ఒకటి ఉంది. స్ట్రాస్‌బర్గ్ వెళ్లకముందు ఫిట్టిగ్ ట్యూబింగెన్‌లో ఉండేవాడు. అక్కడ ఆయన దగ్గర 1872లో డాక్టరేటు చేసిన స్కాట్లండ్ కుర్రాడు విలియం రామ్సే. ఆయన పరిశోధన టోలుయిక్ ఆమ్లాల మీద. ఈ రామ్సేనే తర్వాత ఆర్గాన్, నియాన్ లాంటి జడవాయువులను కనుక్కుని 1904లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. జంషెడ్జీ టాటా మన దేశంలో ఒక విజ్ఞాన సంస్థ పెట్టాలనుకున్నప్పుడు, ఎక్కడ పెడితే బాగుంటుందో చూడమని రామ్సేను పిలిపించారు. 1900లో వచ్చి, దేశమంతా తిరిగి, బెంగళూరు అనువైన చోటని చెప్పాడు. అదే ఇవాళ్టి భారతీయ విజ్ఞాన సంస్థ. 1909లో ఏర్పడింది. మా హోసూరు నుంచి 50 కిలోమీటర్లు కూడా ఉండదు.

సోడియం చర్యలకు కూడా తర్వాత వారసులు వచ్చారు. 1900లో గ్రిన్యార్డ్ మెగ్నీషియం వాడాడు, 1901లో ఉల్మన్ రాగి వాడాడు. పెలేడియం వాడి కార్బన్లను అతికించే పద్ధతులకు 2010లో హెక్, నెగిషి, సుజుకీలకు నోబెల్ వచ్చింది. వీటిలో మిశ్రమాల బాధ తక్కువ. అయినా వుర్ట్జ్ చర్య పూర్తిగా మూలన పడలేదు. సిలికాన్ హాలైడ్లను సోడియంతో కలిపి పొడవైన సిలికాన్ గొలుసులు చేస్తారు. వాటి నుంచి విపరీతమైన వేడిని తట్టుకునే సిలికాన్ కార్బైడ్ పోగులు తయారవుతాయి.

రెండు దేశాలు గొడవపడి గీసిన గీత ఎన్నిసార్లు చెరిగి, ఎన్నిసార్లు మళ్లీ పడిందో చూశాం. పాఠ్యపుస్తకంలో ఇద్దరి పేర్ల మధ్య ఉన్న గీతను మాత్రం ఫ్రెంచి పుస్తకం గాని, జర్మన్ పుస్తకం గాని చెరపలేదు. ఒకరు మొదలుపెట్టిన పనిని ఇంకొకరు ముందుకు తీసుకెళ్లారని అది చెప్తుంది. మన పుస్తకాల్లో ఇంకా చాలా పేర్లు ఉన్నాయి. ఫ్రీడల్–క్రాఫ్ట్స్ ఉంది, అందులో ఫ్రీడల్ కూడా స్ట్రాస్‌బర్గ్‌వాడే, వుర్ట్జ్ శిష్యుడే. కానిజారో ఉన్నాడు, కోల్బే ఉన్నాడు. ఒక్కో పేరును ఒక్కొక్కరం తీసుకుని, ఊరు, సంవత్సరం, ఆయన ఏ ప్రశ్నకు జవాబు వెతికాడో కనుక్కుని వచ్చే ఏడాది ఈ పత్రికలో రాద్దాం. ఉపాధ్యాయులు అనుమతిస్తే ఫ్రీడల్ నాకు ఇవ్వమని ఇప్పుడే అడిగేస్తున్నాను.